చూడక వ్రాసిన పహాణి

పహాణి యను మాట మన పొరుగువారగు మరాఠీలది. వారి భాషలో 'పాహణే' యనగా చూచుట. 'పాహణీ' యనగా స్వయముగా చూచి తేల్చుకొనుట. పొలము గట్టున నిలిచి, పైరు చూచి, నీటివసతి చూచి, దున్నువాని ముఖము చూచి వ్రాసిన కాగితమునకు నిజాము రాజ్యపు రెవెన్యూవారు ఈ పేరు నిలిపిరి. చూచినదే పహాణి, చూడనిది పహాణి కాజాలదు. ఇంత తేటయైన సంగతిని మా భానూరు మొదలు సంగారెడ్డి వరకు గల కార్యాలయములలో మరల జ్ఞాపకము చేయవలసివచ్చినందులకు మేము చింతిల్లుచున్నాము. నిరుటి వరుసను ఈయేటి వరుసలోనికి దింపి, దానికి అచ్చుయంత్రమున కాగితము తీసి, ముద్ర వేసి, ఇదే పహాణి యని రైతు చేతిలో పెట్టుట నేడు పరిపాటియైనది. అంతటితోనైన నాగినదా? 2020 అక్టోబరు 29వ తేదీన ధరణి యను భూలేఖనవిధానము వచ్చినపుడు, సాగుచేయువాని పేరు వ్రాసెడి అనుభవదారు గడియే పహాణినుండి మాయమైనది. అనగా, చూచి వ్రాయవలసిన యొక్క సంగతిని తీసివేసి, చూడకున్నను వ్రాయదగినదానిని మాత్రము మిగిల్చిరి. పేరు మాత్రము మార్చలేదు. మార్చియున్న బాగుండెడిది. 'వినికి' యనియో 'అనుకోలు' అనియో పేరు పెట్టవలసినది.

దేశమున నిన్ని యిక్కట్లుండగా మాటల పుట్టుపూర్వోత్తరములు త్రవ్వుట యేల యని కొందరు చదువరులు నవ్వుదురు. నవ్వనిండు. న్యాయస్థానములలో నల్లకోటు ధరించి తిరుగువారికి తెలియును, ఒక మాట యర్థము తెలియక వ్రేలిముద్ర వేసినవాని కొడుకు, ఆ మాట యర్థమును తేల్చుటకై ఇరువదియేండ్లు వాయిదాలకు తిరుగును. మాట యెవరి వశమున నున్నదో భూమియు వారి వశముననే యుండును. ఇది వ్యాకరణచర్చ కాదు.

ఉద్యోగస్వామ్యమని మన పూర్వపత్రికలు నిందించిన యా వ్యవస్థకు పాశ్చాత్యులు పెట్టిన పేరునే మొదట పరిశీలింతము. ఫ్రెంచివారి 'బ్యూరో' అనగా వ్రాతబల్ల. ఆ బల్లకు పేరు వచ్చుటకు కారణము దానిపై పరచు ముతక ఉన్నిగుడ్డ, 'బూర్'. దానికి, ఏలుబడి యను నర్థము గల గ్రీకుపదమును తగిలించి 'బ్యూరాక్రసీ' యనునది సృష్టించినవాడు, 1759లో చనిపోయిన విన్సెంట్ ద గుర్నే. ఆయనయు ప్రభుత్వోద్యోగియే యగుట గమనింపదగినది. ఇంటిదొంగను ఇంటివాడే పట్టియిచ్చెను. బల్ల రాజ్యము చేయుట యని పరిహాసమునకు పుట్టిన మాట, రెండువందల యేబది సంవత్సరములలో పరిహాసము పోయి శాస్త్రపదమై కూర్చున్నది. బల్ల యేలుచున్నదని మొరపెట్టినవారికి, అవును, బల్లలే యేలవలెనని పుస్తకములు వ్రాసి చూపిరి.

మన వైపున బల్లకు బదులు తోలు కనబడును. దఫ్తరు అను పారసీకపదమునకు మూలము గ్రీకుల 'దిఫ్థెరా', అనగా చర్మము. కాగితము లేని కాలమున చర్మముపై లెక్కలు వ్రాసిరి కనుక చర్మమే లెక్కలపుస్తకమైనది, పుస్తకమే ఆ పుస్తకముండెడి ఇల్లైనది. ఎవరి చర్మమని మా యూరివారడుగుదురేమో, మేము చెప్పము. దివాణ మనునది యింతకంటె రసవత్తరము. 14వ శతాబ్దికి చెందిన చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ ఒక కథ చెప్పుచున్నాడు: పారసీక ప్రభువు ఖుస్రో తన లేఖకులు తమలో తాము గొణుగుకొనుచు లెక్కలు వేయుచుండగా చూచి, వీరు 'దివానే' లని, అనగా పిచ్చివారని, అనెనట, అదియే వారుండు స్థలమునకు పేరైనదట. భాషాశాస్త్రజ్ఞు లీకథను నమ్మరు. ఒక సంతకమునకై పదిమారులు తిరిగినవారు మాత్రము సులభముగా నమ్ముదురు.

జిల్లా యనగా అరబ్బీలో ప్రక్కటెముక. తాలూకా యనగా సంబంధము. ఆ ధాతువునకు మూలార్థము వ్రేలాడుట. నిజాము కాలమున జిల్లా కలెక్టరును అవ్వల్ తాలూక్‌దారు అనెడివారు. తహశీలు అనగా రాబట్టుట. తహశీల్దారు అనగా రాబట్టుపని చేతబట్టినవాడు. మహసూలు అనునదియు ఆ ధాతువునుండి పుట్టినదే. 1985లో తాలూకాలను మండలములు చేసినపుడు తహశీల్దారు పేరు తీసి మండల రెవెన్యూ అధికారి యనిరి. కొంతకాలమునకు మరల తహశీల్దారనియే పిలువసాగిరి. 2016లో మెదకు ప్రక్కటెముకను మూడుగా విరిచి సంగారెడ్డి నొక జిల్లా చేసిరి. భూమిశిస్తు రాబట్టు పని నేడు దాదాపుగా లేకపోయినను రాబట్టువాడను బిరుదు నిలిచియే యున్నది. శిస్తు లేనిచోట తహశీల్దారు కచేరి గుమ్మమున నేమి రాబట్టబడుచున్నదో జనులే చెప్పుకొనుచున్నారు.

ఈ సందర్భమున నొక జంటపదమును చదువరుల యెదుట నుంచక తప్పదు. 'అమలు' అనగా పని, ఆచరణము. 'మామూలు' అనగా ఆచరణములో నున్నది, వాడుకయైనది. రెండును ఒక్క తల్లి బిడ్డలు. అరబ్బీలో ఒకే ధాతువు. మొదట మామూలు అనునది నిర్దోషమైన మాటయే. తరువాత, ఇచ్చుట వాడుకయైన కొలది, ఇచ్చెడి సొమ్మునకే ఆ పేరు వచ్చినది. లంచమునకు 'సాధారణము' అని పేరు పెట్టుకొన్న జాతి మరియొకటి యున్నదో లేదో మేమెరుగము. ఉత్తరువు అమలు కావలెనన్న మామూలు ముట్టవలెనను సంగతి నిఘంటువులోనే వ్రాసియున్నప్పుడు సామాన్యుడు దాని నధర్మమని యెట్లు గుర్తించును? నకలు, నకిలీ యనునవియు నిట్టి యన్నదమ్ములే. ఒక చోటినుండి మరియొక చోటికి దింపుకొనుట నకలు, దింపుకొన్నట్టిది నకిలీ. కచేరి ముద్ర పడిన యెడల నకలు, పడని యెడల నకిలీ. ముద్రలు రెండు చోటుల దొరకునట్టి కాలములో ఏది యేదియో విధాత కెరుక. అమీను అనగా నమ్మదగినవాడు. అమానతు అనగా నమ్మి దాచుకొన్నది. ఆ నమ్మదగిన పెద్దమనిషియే బాకీదారు నింటికి జప్తు కాగితముతో వచ్చెడివాడు.

ఇక మాకు ముఖ్యమైన మాట కొకటి వత్తుము. చెరువులోని భూమిని మా వైపున శిఖమందురు. రెవెన్యూ కాగితములలోను 'శిఖం' అనియే కలదు. సంస్కృతము కొంచెము చదివినవారు దానిని చూచి శిఖ, శిఖరము అని తలచి, ఇది యేదో మిట్ట కాబోలు ననుకొందురు. అది పారసీకపు 'షికం', అనగా కడుపు. చెరువు కడుపు! నీరు నిండినపుడు ఉబ్బి, తగ్గినపుడు అణగి, ఎండినపుడు దున్నుకొనుటకు చోటిచ్చు భాగమునకు ఇంతకంటె చక్కని పేరు ఎవడు పెట్టగలడు? ఆ పేరు పెట్టిన అజ్ఞాతలేఖకుడు పరభాషవాడైనను చెరువును చూచినవాడు. మనము మన భాషవారమై యుండి కడుపును శిఖరముగా చదువుకొంటిమి. తరువాత శిఖరముపై ఇండ్లు కట్టుకొనుటకు అడ్డేమి యున్నది? హద్దురాళ్లు పాతి, మట్టి పోసి, ప్లాట్లు గీసి, కడుపుపై కాపురము పెట్టిరి. వాన వచ్చినపుడు నీరు తన కడుపును వెదకికొనుచు వచ్చి వాకిట నిలిచినప్పుడు, చెరువు మా యింటిలోనికి వచ్చినదని గోలపెట్టుచున్నారు. పటాన్‌చెరువను పేరులోనే చెరువున్నది. కల్యాణి చాళుక్యుల శాసనములలోని పొట్టలకెరె యీ యూరేయని చరిత్రకారులు చెప్పుదురు; కన్నడమున కెరె యనిన చెరువే. వేయేండ్లు పేరులో నిలిచిన చెరువును, రెండు తరములలో కాగితములోనుండి జార్చివేయ జూచుచున్నాము.

పోరంబోకు అను మాట తమిళులది. 'పుఱము' అనగా వెలుపల. సాగుకు వెలుపల విడిచినదని యర్థము. పశువులు మేయుటకు, కళ్లము వేసికొనుటకు, పీనుగును పూడ్చుటకు, జాతర చేసికొనుటకు ఊరంతయు కలిసి విడిచిపెట్టిన చోటది. మా వైపున గైరాను అనునదియు నట్టిదే, మరాఠీలో గాయ్ అనగా ఆవు, రాన్ అనగా బయలు, ఆవుల బయలు. మరి యిప్పుడు తెలుగునాట పోరంబోకు అనిన తిట్టు. పనికిమాలినవాడని యర్థము. అందరిదియైనది ఎవరిదియు కాదనియు, ఎవరిదియు కానిది పనికిమాలినదనియు మన నాలుకయే తీర్పు చెప్పినది. ఆ తీర్పును అమలు చేయుటకు గోడలు కట్టువారు సిద్ధముగనే యున్నారు. భానూరు చుట్టుప్రక్కల కర్మాగారములు లేచిన నాటినుండి గజము భూమికి పలుకు వెల యెట్టిదో చదువరులకు మేము చెప్పనక్కరలేదు. పనికిమాలిన భూమికి అంత వెల యెక్కడిదో మాత్రము అడుగుచున్నాము.

మేము పరభాషాపదములపై కత్తి దూయుచున్నామని యెవరును భ్రమపడరాదు. తరి, కుష్కి అనని రైతు మా సీమలో లేడు. పారసీకమున 'తర్' అనగా తడి, 'ఖుష్క్' అనగా పొడి. ఆబి యనగా నీటి పంట, తాబి యనగా ఎండకాలపు పంట. ఇవి వాని నోట నలిగి, వాని చెమటలో తడిసి, వానివైనవి. రసీదు అనగా 'చేరినది' అని యర్థము. సొమ్ము చేరినదని చెప్పు కాగితమునకు అంతకు మించిన మాట మనకు వలదు. అంతయేల, రైతు అను మాటయే మనది కాదు. అరబ్బీలో 'రయ్యత్' అనగా కాపరి క్రిందనుండు మంద! పాలకుడు కాపరి, ప్రజలు గొర్రెలు. ఆ మాటను మన తాతలు తీసికొని, రైతుసంఘములు పెట్టి, రైతు కవాతులు చేసి, మంద యను నర్థమును దాని నుండి తరిమివేసిరి. నేడు రైతు అనిన తలయెత్తి నిలుచువాడు. మాటకు పుట్టుక ముఖ్యము కాదు, అది యెవరి చేతిలో పెరిగినదో అది ముఖ్యము.

మా సీమవారికి ఈ పోరాటము క్రొత్తది కాదు. 1880వ దశాబ్దిలో హైదరాబాదు దఫ్తరులలో పారసీకము పోయి ఉర్దూ వచ్చినది. తెలుగువానికి రెండును ఒక్కటియే. 1921 నవంబరులో హైదరాబాదున వివేకవర్ధినిలో జరిగిన సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాట్లాడబోగా గేలిచేసిరి; ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. 1926లో సురవరము ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రికను నెలకొల్పిరి. 1930లో ఆంధ్రమహాసభ మొదటి సమావేశము ఆయన యధ్యక్షతనే జోగిపేటలో జరిగినది. ఆ జోగిపేట నేటి మా సంగారెడ్డి జిల్లాలోనిదే. వారు ఉర్దూను ద్వేషించినవారు కారు. వారిలో చాలమంది ఉర్దూలో పండితులు. పాలితునకు తెలియని భాషలో పాలించుట అన్యాయమనియే వారి వాదము. ఆ రోజులలో సభలు చేయువారిని బాధించిన ఉత్తరువు పేరు గస్తీ నిషాన్ 53. గస్తీ యనగా చుట్టి త్రిప్పు కాగితము. నిషాన్ అనగా గుర్తు. అందులో నేమున్నదో చదివినవారు కొందరే. సంఖ్య మాత్రము పిల్లవానికి కూడ తెలియును. అమీను వచ్చి 'తిర్పన్' అనిన సభ చెదరిపోవలసినదే.

ఆ ప్రభుత్వము 1948 సెప్టెంబరులో పోయినది. 1949 ఆగస్టు 15 నుండి జాగీరులు పోయినవి. 1966లో తెలుగును అధికారభాషగా చేయు చట్టము వచ్చినది. 1974లో వావిలాల గోపాలకృష్ణయ్యగారు అధ్యక్షులుగా అధికారభాషాసంఘ మేర్పడినది. ఇన్ని జరిగిన పిమ్మట, ధరణి కాలమున తన పాసుపుస్తకములో తండ్రి పేరు తప్పు పడినదని వచ్చిన రైతునకు కచేరిలో దొరకిన జవాబు 'టి.ఎం. 33 పెట్టుకొనుము' అని. నాడు ఏబదిమూడు, నేడు ముప్పదిమూడు! ఉర్దూ పోయి తెలుగు రాలేదు, ఇంగ్లీషు వచ్చినది, ఇంగ్లీషు కూడ నిలువక అక్షరములు, అంకెలు మిగిలినవి. ఆర్.ఓ.ఆర్., ఈ.సి., ఎన్.ఓ.సి. అని పొడి యక్షరములను రైతు మంత్రములవలె వల్లించి తిరుగుచున్నాడు.

వీనిలో 'నాలా' యనునది మా పారిశ్రామికసీమకు పట్టిన ప్రత్యేకవ్యాధి. వ్యవసాయేతర భూముల శిస్తునకై 1963లో నొక చట్టము చేసిరి. దాని ఇంగ్లీషు పేరులోని మొదటి యక్షరములను గ్రుచ్చగా నాలా యైనది. 2006లో ఆ చట్టము పోయి మరియొకటి వచ్చినను, అక్షరములు పోలేదు. తెలుగులోను, ఉర్దూలోను నాలా యనగా మురికికాలువ. 'నీ భూమి నాలా అయినది' అని చెప్పగా, తన పొలమునుండి కాలువ త్రవ్వుదురని భయపడి మాయొద్దకు వచ్చిన వృద్ధుడొకడు భానూరుననే కలడు. ఆయన తెలివితక్కువవాడు కాడు. మాట యర్థమును మాటనుండియే గ్రహించిన బుద్ధిమంతుడు. తెలివితక్కువ యెవరిదో చదువరులు నిర్ణయింతురుగాక. భానూరున ఒక ప్రక్క భారత్ డైనమిక్స్ వారి కర్మాగారమున దేశరక్షణకై క్షిపణులు తయారగుచున్నవి. అంత సూక్ష్మమైన యంత్రమును కూర్చగల దేశము, తన రైతునకు తన భూమి యేమైనదో ఒక వాక్యములో చెప్పలేకపోవుట వింత.

ఈ రోగమునకు సంస్కృతపు గుళిక వేయుదుమని బయలుదేరిన పండితులను చూచినను మాకు భయమే. ఎన్.ఓ.సి. కి 'నిరభ్యంతర పత్రము' అనిరి. రెండింటిలో దేనిని పలుకుట సులభమో రైతు నడుగుడు. 'అడ్డులేదను కాగితము' అనిన నేమి దోషము? ఎవరి భూమి క్రయవిక్రయములకు పనికిరాదో ఆ పట్టీకి 'నిషేధిత జాబితా' యని పేరు. అందులో తన సర్వే నంబరు ఎప్పుడు చేరినదో, ఎవరు చేర్చిరో, బిడ్డ పెండ్లికి ఎకరము అమ్మబోయిన దినముననే రైతునకు తెలియును. 'భూసేకరణ' యను మాటను కూడ చూడుడు. సేకరించుట యనగా ఏరి కూర్చుట. పూలను సేకరింతుము, సామెతలను సేకరింతుము. 1894 నాటి చట్టము ఇంగ్లీషులో 'పొందుట' యని పచ్చిగా చెప్పినది. తెలుగు చేసినవారు దానికి పూలబుట్ట తగిలించిరి. 2014 జనవరి నుండి క్రొత్త చట్టము నడచుచున్నను పూలబుట్ట అట్లే యున్నది. దెబ్బ తగిలినవానికి దెబ్బ యను మాట కూడ దక్కనీయకపోవుట యిది.

2025 ఏప్రిల్ 14వ తేదీన ధరణికి బదులు భూభారతి వచ్చినది. 1984లో పోయిన పట్వారీల స్థానమునకు వచ్చిన గ్రామ రెవెన్యూ అధికారులును 2020లో పోగా, మరల 2025లో గ్రామ పాలనాధికారులను నియమించిరి. పట్వారీల కాలమును మేము పొగడబోము. చూచియు చూడనట్లు వ్రాసిన చేతులు వారిలో చాల నుండెను. కాని ఆ చేతి నడ్డుకొనుటకు ఊరికి తెలిసిన మనిషి యొకడుండెను, చావడి యుండెను, నలుగురి కన్నులుండెను. యంత్రము నడ్డుకొనుట కెవరున్నారు? గిర్దావరు అను పారసీకపదమునకు చుట్టు తిరుగువాడని యర్థము. క్రొత్తగా వచ్చిన యధికారులు ఆ పేరు పెట్టుకొనకున్నను ఆ పని చేయవలెను.

కావున మేము కోరునది స్వల్పము. ఈ యాసంగి పంట కోతకు రాకమునుపే గ్రామ పాలనాధికారి భానూరు పొలములలోనికి రావలెను. అనుభవదారు గడి పహాణిలో మరల నుండవలెను. అందు వ్రాసినదానిని ఊరివారి యెదుట చదివి వినిపింపవలెను. శిఖము గల ప్రతి సర్వే నంబరునకు ఎదుట 'చెరువు కడుపు' అని తెలుగున వ్రాయవలెను. రైతునకు పంపు ప్రతి తాఖీదులోను సంఖ్యకు ముందుగా సంగతి యుండవలెను: నీ భూమిని తీసికొనుచున్నాము, ఇందుకొరకు, ఇంత సొమ్మునకు, ఈ తేదీలోపల నీవు అడ్డు చెప్పవచ్చును, చెప్పవలసిన చోటిది, అని. దీనికి క్రొత్త చట్టమక్కరలేదు, ఉన్న 1966 నాటి చట్టమే చాలును.

మరియొకటి. దఫ్తరు మాటలకు తేటతెలుగు అర్థములతో నొక పట్టికను పంచాయతి గోడమీద పెద్దయక్షరములతో వ్రాయించుటకు అనుమతి కోరుచు మేము అర్జీ పెట్టుకొంటిమి. నెల గడచినది. పట్టిక సిద్ధముగా నున్నది, వ్రాయువాడు సిద్ధముగా నున్నాడు, రంగు ఖర్చు కూడ మాదే. గోడ యెవరి యధీనములోనిదో తేలవలసి యున్నదని జవాబు వచ్చినది.